ఒక బుల్లెట్ ఇంజన్‌ను, గేర్‌బాక్సును మరో ఫ్రేములోకి మార్చడం ఎలా

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం పడుతుంది. బ్యాటరీ యాసిడ్ కారి ఫ్రేము తుప్పు పట్టిపోవచ్చు, ప్రమాదంలో మెడ దగ్గర వంగిపోవచ్చు, లేదా మంచి ఫ్రేము ఉన్న బండిలో ఇంజన్ బాగుచేయడానికి వీలులేనంతగా పాడై ఉండవచ్చు. అప్పుడు ఒక బండి ఇంజన్‌ను గేర్‌బాక్సుతో సహా మరో బండి ఫ్రేములో కూర్చోబెట్టడమే మిగిలిన దారి. ఈ పనికి గొప్ప యంత్రాలేమీ అక్కర్లేదు గానీ, తొందరపడేవాళ్లకు ఇది పనికిరాదు. ఇక్కడ చెప్పేది 346 సీసీ కాస్ట్ ఐరన్ ఇంజన్, దాని వెనక విడిగా బిగించే నాలుగు గేర్ల పెట్టె గురించి మాత్రమే. ఇంజనూ గేర్లూ ఒకే పెట్టెలో ఉండే తర్వాతి కాలపు యూసీఈ ఇంజన్‌కు ఈ కొలతలు, ఈ పద్ధతి వర్తించవు.

పనిలోకి దిగే ముందు ఈ బండి నిర్మాణంలో ఒక సంగతి గమనించాలి. చాలా మోటారు సైకిళ్లకు ఇంజన్ కింద నుంచి కూడా ఫ్రేము గొట్టాలు వెళతాయి. ఇంజన్ తీసేసినా ఫ్రేము తన ఆకారంలో తాను నిలబడుతుంది. ఈ బుల్లెట్ ఫ్రేముకు అడుగున గొట్టం లేదు. ముందు దిగివచ్చే ఒంటి గొట్టం క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు పెట్టె) ముందు భాగం దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంజన్‌ను ఫ్రేముకు పట్టే వెనక ప్లేట్ల దాకా ఫ్రేమును కలిపే వంతెన ఇంజనే. కాబట్టి ఇంజన్ వంకరగా కూర్చుంటే ఫ్రేము కూడా వంకరగానే బిగుస్తుంది. ఫ్రేము వంకరగా ఉంటే ఆ ఒత్తిడి మొత్తం అల్యూమినియం క్రాంక్‌కేసు చెవుల మీద పడుతుంది. కింద చెప్పే జాగ్రత్తలలో సగం ఈ ఒక్క కారణం నుంచి పుట్టినవే.

ముందు కాగితాలు

పానా పట్టుకోవడానికి ముందే ఆర్టీవో కార్యాలయం పని మొదలుపెట్టాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిలో మార్పు చేయాలంటే రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి కావాలి, మార్పు జరిగిన 14 రోజులలోపు ఆ విషయాన్ని తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు భిన్నమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అందువల్ల 350 ఫ్రేములో 350 ఇంజన్ పెట్టడానికి అనుమతి అడగడం ఒక ఎత్తు, అదే ఫ్రేములో 500 ఇంజన్ పెట్టడం మరో ఎత్తు. రెండోది బోల్టుల లెక్కన సాధ్యమే కావచ్చు గానీ, కాగితాల లెక్కన తలనొప్పి. నా మాట వింటే ఆ జోలికి పోవద్దు. అనుమతి లేకుండా మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించేలా 2019 సవరణలో 182ఎ సెక్షన్‌ను మార్చారు. బండి అప్పు మీద ఉంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక సమ్మతి కూడా ఉండాలి.

ఇంజన్ ఎక్కడ కొన్నా, అది విజయవాడ ఆటోనగర్ కావచ్చు, సికింద్రాబాద్ రాణిగంజ్ కావచ్చు, ఊళ్లో తెలిసినవాళ్ల పశువుల కొట్టం కావచ్చు, బిల్లు తీసుకోండి. ఆ బిల్లు మీద ఇంజన్ నంబరు, ఆ ఇంజన్ వచ్చిన బండి ఛాసిస్ నంబరు రెండూ రాయించుకోండి. పాత బండి ఆర్‌సీ నకలు అడిగి తీసుకోండి. ఆ బండి ఇక రోడ్డెక్కదనుకుంటే దాని రిజిస్ట్రేషన్ రద్దు కోసం తెలియజేయవలసిన బాధ్యత 55వ సెక్షన్ కింద దాని యజమానిదే. క్రాంక్‌కేసు మీద నంబరు గీకి ఉన్నా, రుద్ది మళ్లీ కొట్టినట్టు అనుమానం కలిగినా, ధర ఎంత తక్కువైనా ఆ ఇంజన్ వదిలేయండి. నంబరు శుభ్రంగా ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలుచటి కాగితం అద్ది పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసి ఉంచుకోండి. ఫ్రేము మెడ దగ్గరి ఛాసిస్ నంబరుకు కూడా అలాగే ఒక ముద్ర తీయండి. ఈ రెండు కాగితాలూ చివర్లో పనికొస్తాయి.

ఫ్రేమును పరీక్షించడం

కొత్తగా తెచ్చిన ఫ్రేముకు రంగు వేయించే ముందే పరీక్షించాలి, ఎందుకంటే పౌడర్ కోటింగ్ కింద పగుళ్లు కనబడవు. మెడ కింద గొట్టాలు కలిసే చోటును, స్వింగ్ ఆర్మ్ ఇరుసు దూరే చెవులను, ఇంజన్ ప్లేట్లు బిగించే లగ్గులను (ఫ్రేముకు అతికించిన బోల్టు చెవులను) వైరు బ్రష్షుతో లోహం కనబడేదాకా రుద్ది, వెలుతురులో అడ్డంగా చూడండి. సన్నటి వెంట్రుకలాంటి నల్లగీత కనబడితే అది పగులే. చక్రాలు ఎక్కించి, వెనక చక్రానికి రెండు పక్కలా దారం చుట్టి ముందు చక్రం దాకా లాగి చూడడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ మంచి పద్ధతి. హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు ముందు టైరుకూ దారానికీ మధ్య ఖాళీ రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక పక్క తగిలి మరో పక్క వేలు దూరుతుంటే ఆ ఫ్రేమును జిగ్గు (ఫ్రేమును పట్టి వంకర తీసే చట్రం) మీద సరిచేయించకుండా ఇంజన్ ఎక్కించవద్దు.

రంగు వేయించాక బోల్టు రంధ్రాలలోను, ప్లేట్లు ఆనే ముఖాలపైన పేరుకున్న పెయింటును గీకేయండి. ఒకటి, ఆ పొర కాలక్రమేణా నలిగిపోయి బోల్టు వదులవుతుంది. రెండు, ఇంజన్‌కు ఫ్రేముకు మధ్య ఎర్త్ తెగిపోతుంది. పౌడర్ కోటింగ్ చేయించిన బండ్లలో హారన్ బలహీనంగా మోగినా, హెడ్‌లైటు కిక్కు కొట్టినప్పుడు మిణుకుమన్నా కొత్త బ్యాటరీ కొనే ముందు ఎర్త్ చూడడం మంచిది.

దించడం

ఇంజన్‌ను కాస్త నడిపి వేడి చేసి, ఆపాక బ్యాటరీ వైర్లు తీసేయండి. వేడి తగ్గకముందే నూనె పూర్తిగా దించేయండి. ఈ ఇంజన్‌కు విడి ఆయిల్ ట్యాంకు లేదు, నూనె క్రాంక్‌కేసులోనే ఒక అరలో ఉంటుంది కాబట్టి దించకుండా ఎత్తితే ఒళ్లంతా నూనే. పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు, కార్బురేటరు, క్లచ్ కేబులు, డీకంప్రెసర్ (కిక్కు తేలికయ్యేలా సిలిండరు ఒత్తిడి వదిలే చిన్న వాల్వు) కేబులు, రాకర్లకు (వాల్వులను తెరిచే మీటలకు) నూనె తీసుకెళ్లే పైపు, బ్రీదర్ గొట్టం, వెనక చైను, గేరు లివరు, ఫుట్‌రెస్టులు ఇదే వరసలో విప్పుకోవచ్చు. ప్రతి వైరుకూ తెల్లటి టేపు ముక్క చుట్టి పేరు రాయండి. విప్పిన ప్రతి బోల్టునూ దాని నట్టుతో, వాషర్లతో కలిపి దాని రంధ్రంలోనే తిరిగి దూర్చి ఉంచడం లేదా చిన్న సంచులలో వేసి పేరు రాయడం తప్పనిసరి. ఈ బండ్లలో పాత బ్రిటిష్ మరలూ మెట్రిక్ మరలూ కలగలిసి ఉంటాయి. ఒకదాని నట్టు మరో బోల్టుకు రెండు చుట్లు బాగానే ఎక్కుతుంది, మూడో చుట్టులో మరను తినేస్తుంది.

ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలిపే దించాలా, విడదీసి దించాలా అన్న ప్రశ్న చాలామంది అడుగుతారు. గేర్‌బాక్సు నాలుగు స్టడ్లతో క్రాంక్‌కేసు వీపుకు బిగించి ఉంటుంది కాబట్టి రెంటినీ ఒకే ముద్దగా దించవచ్చు, ఇద్దరు మనుషులు ఉంటే అదే సులువు. ఒంటరిగా చేసేవాళ్లు మాత్రం ముందు ఎడమ పక్క ప్రైమరీ కేసు (ఇంజన్ నుంచి క్లచ్‌కు వెళ్లే చైను ఉండే పెట్టె) విప్పి, క్లచ్, ప్రైమరీ చైను తీసి, తర్వాత గేర్‌బాక్సును విడదీయడం నడుముకు మంచిది. ఇంజన్ ఊడిన ఫ్రేము బరువు ఒక్కసారిగా ఒక పక్కకు మొగ్గుతుంది కాబట్టి సెంటర్ స్టాండును నమ్ముకోకుండా ఫ్రేము కింద రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి.

ఇంజన్ బల్ల మీద ఉన్నప్పుడే గేర్‌బాక్సు చిన్న స్ప్రాకెట్టును, దాని వెనక ఆయిల్ సీలును చూసుకోండి. స్ప్రాకెట్టు పళ్లు కొక్కెంలా ఒక పక్కకు వంగి ఉంటే మార్చేయండి. బండి మీద ఉండగా ఆ చిన్న చక్రం మార్చాలంటే ప్రైమరీ కేసు మొత్తం విప్పాల్సిందే. ఇప్పుడు అరగంటలో అయిపోయే పని తర్వాత ఒక ఆదివారం మింగేస్తుంది.

కూర్చోబెట్టడం

ఇంజన్‌ను పైకెత్తి ఫ్రేములో దూర్చడం కంటే, అడుగు గొట్టం లేని ఈ ఫ్రేమునే ఇంజన్ మీదికి దించడం సులువు. గేర్‌బాక్సు బిగించిన ఇంజన్‌ను దృఢమైన చెక్క దిమ్మల మీద నిటారుగా నిలబెట్టి, కింద జాకీ ఉంచి, చక్రాలు తీసిన ఫ్రేమును ఇద్దరు పట్టుకుని పైనుంచి నెమ్మదిగా దించాలి. సిలిండరు ఫిన్నుల చుట్టూ పాత గోనెసంచి చుట్టండి, లేకపోతే కొత్త రంగు మొదటి అయిదు నిమిషాల్లోనే పోతుంది.

అన్ని బోల్టులూ ముందు వేళ్లతోనే దూర్చాలి, ఒక్కటి కూడా బిగించకూడదు. ముందు ప్లేట్ల బోల్టులు, వెనక ప్లేట్ల బోల్టులు, గేర్‌బాక్సు పై బోల్టు, చివరగా సిలిండరు హెడ్డును ట్యాంకు కింది గొట్టానికి కలిపే హెడ్ స్టెడీ. రంధ్రాలు కలవకపోతే జాకీని ఒక పావు చుట్టు ఎత్తో దించో చూడండి. సుత్తి తీసుకోవాలనిపించినప్పుడు ఆగండి. సుత్తి దెబ్బకు దూరిన బోల్టు రెండు రంధ్రాలనూ ఒకే వరసలోకి లాగి పట్టుకుంటుందే తప్ప, అవి వరసలో లేవన్న నిజాన్ని మార్చదు.

ఇప్పుడు అసలైన పని వస్తుంది. వేర్వేరు సంవత్సరాల ఫ్రేముల మధ్య, చేత్తో వెల్డింగ్ చేసిన బండ్లు కావడంతో, లగ్గుల మధ్య వెడల్పు ఒక మిల్లీమీటరో రెండో తేడా ఉండవచ్చు. ప్లేటుకూ క్రాంక్‌కేసు చెవికీ మధ్య ఖాళీ ఉంటే బోల్టు బిగించేకొద్దీ ఆ ఖాళీ మూసుకుపోతుంది, చూడ్డానికి అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. నేను మొదటిసారి చేసిన బండిలో ముందు ఎడమ ప్లేటు దగ్గర దాదాపు రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండగా, పానాకు గొట్టం తొడిగి మరీ బిగించాను. మూడు వారాల తర్వాత ఇంజన్ కింద నేల మీద రోజూ ఒక నూనె బొట్టు పడడం మొదలైంది. కేసు గాస్కెట్టు అనుకుని అది మార్చాను. బొట్టు ఆగలేదు. చివరికి పెట్రోలుతో కడిగి, సుద్దపొడి అద్ది, రాత్రంతా వదిలేస్తే, పొద్దున తెల్లటి పొడి మీద చెవి మొదట్లో సన్నటి తడి గీత కనబడింది. అల్యూమినియం పగిలింది. ఇంజన్ మొత్తం మళ్లీ దించి, క్రాంక్‌కేసు విడదీసి, ఆర్గాన్ వెల్డింగ్ చేయించి, ముఖం లేతు మీద సరిచేయించేసరికి రెండు నెలలు పట్టింది.

ఆ ఖాళీని కొలవడానికి ఫీలర్ గేజి (సన్నటి ఖాళీలు కొలిచే ఉక్కు రేకుల కట్ట) చాలు. ప్రతి బోల్టు దగ్గర, రెండు పక్కలా, ప్లేటుకూ చెవికీ మధ్య ఎంత దూరుతుందో కొలిచి కాగితం మీద బొమ్మ గీసి రాయండి. 0.2 మి.మీ. కంటే ఎక్కువ ఉన్న ప్రతి చోటా ఆ మందానికి సరిపడే ఉక్కు వాషరును లేతు దగ్గర చేయించండి. బజారులో దొరికే పలుచటి వాషర్లు నాలుగైదు పేర్చవద్దు, అవి నలిగి వదులవుతాయి. సరైన వాషరును బొటనవేలితో నెడితే కొద్దిగా పట్టుతో లోపలికి వెళుతుంది. వదిలేస్తే జారి కింద పడేది పలచన, సుత్తి అడిగేది మందం. ఇంజన్ మొత్తం ఒక పక్కకు జరగకుండా రెండు పక్కలా వాషర్ల మందం చూసుకోవాలి, ఎందుకంటే అదే వెనక చైను వరసను నిర్ణయిస్తుంది.

వెనక చైను వరస ఇప్పుడే, ఏదీ బిగించక ముందే చూడాలి. వెనక చక్రం ఎక్కించి, స్వింగ్ ఆర్మ్ రెండు వైపులా సర్దుబాటు గుర్తులు సమానంగా పెట్టి, వెనక స్ప్రాకెట్టు ముఖానికి ఆనించిన ఒక తిన్నటి ఉక్కు పట్టీని గేర్‌బాక్సు స్ప్రాకెట్టు దాకా చాచండి. పట్టీ రెండు ముఖాలనూ పూర్తిగా తాకాలి. ఒక మిల్లీమీటరు తేడా దాటితే ప్లేట్ల దగ్గర వాషర్లను ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చి సరిచేయండి, చక్రాన్ని వంకరగా పెట్టి సరిచేయవద్దు.

వరస కుదిరాకే బిగించడం. ముందుగా గేర్‌బాక్సును ఇంజన్‌కు పట్టే నాలుగు నట్లు, తర్వాత వెనక ప్లేట్లు, తర్వాత ముందు ప్లేట్లు, అన్నీ రెండు మూడు దఫాలుగా, కొద్దికొద్దిగా. హెడ్ స్టెడీ చిట్టచివర. హెడ్ స్టెడీ బోల్టు రంధ్రంలోకి దానంతటదే జారాలి. దాన్ని లాగి బిగిస్తే సిలిండరు హెడ్డు మీద ఎప్పటికీ ఒక పక్క లాగుడు ఉంటుంది. నట్లకు కొత్త స్ప్రింగు వాషర్లు లేదా నైలాన్ నట్లు వాడండి.

ప్రైమరీ, వైరింగు

గేర్‌బాక్సు విడదీసినవాళ్లు క్లచ్, ఇంజన్ స్ప్రాకెట్టు, ప్రైమరీ చైను తిరిగి ఎక్కించేటప్పుడు రెండు స్ప్రాకెట్ల వరసను అదే ఉక్కు పట్టీతో చూడాలి. ఈ బండిలో ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య దూరం మారదు కాబట్టి చైను బిగువు కింది టెన్షనర్‌తోనే సర్దాలి. చైను పై వరసను వేలితో నొక్కితే సుమారు 6 మి.మీ. ఆడాలి, చైనును తిప్పుతూ అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట ఆ కొలత తీసుకోవాలి. కేసులో నూనె, పక్కనున్న లెవెల్ స్క్రూ నుంచి కారేదాకా పోస్తే చాలు.

వైరింగులో ఒకే ఒక్క ఉచ్చు ఉంది. పాత బండ్లు 6 వోల్టులవి, తర్వాతివి 12 వోల్టులవి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ప్రైమరీ కేసులో ఇంజన్‌తోపాటే వస్తుంది, ఆ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫైయరు, బల్బులు, హారన్ మాత్రం ఫ్రేముతో వస్తాయి. రెండూ ఒకే వోల్టేజివి కాకపోతే మొదటి రాత్రే బల్బులు మాడిపోతాయి, లేదా బ్యాటరీ ఎన్నడూ నిండదు. ఇంజన్ ఏ బండి నుంచి వచ్చిందో, రెక్టిఫైయరు కూడా ఆ బండి నుంచే తెచ్చుకోవడం అన్నిటికంటే సురక్షితం. క్రాంక్‌కేసు నుంచి ఫ్రేముకు, ఫ్రేము నుంచి బ్యాటరీకి ఒక లావుపాటి ఎర్త్ వైరు విడిగా వేయండి.

మొదటి కిక్కు

20డబ్ల్యూ-50 నూనె సుమారు రెండు లీటర్లు పోసి, తర్వాత కొలపుల్ల చూస్తూ సరిపెట్టండి. ట్యాపెట్లను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, పిస్టను కంప్రెషన్ పై చివరన ఉండగా చూడాలి: పుష్‌రాడ్డు (రాకరును నెట్టే కడ్డీ) వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఏమాత్రం ఆడకూడదు. కాంటాక్టు పాయింట్ల మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉంచండి.

ప్లగ్గు విప్పేసి, డీకంప్రెసర్ పట్టుకుని ముప్పై నలభై కిక్కులు కొట్టండి. ఎండిపోయిన పంపులోకి నూనె ఎక్కడానికి అంత సమయం పడుతుంది. తర్వాత ప్లగ్గు పెట్టి స్టార్ట్ చేసి, మొదటి నిమిషంలోనే రాకర్ పెట్టె మీది నూనె పైపు బాంజో (పైపును బిగించే బోలు) బోల్టును అర చుట్టు వదులు చేసి చూడండి. అక్కడ నూనె ఊరుతూ రావాలి. రాకపోతే వెంటనే ఇంజన్ ఆపండి, ఇంకొంచెంసేపు చూద్దామనుకోవద్దు. వెనక చైనుకు స్టాండు మీద 25 నుంచి 30 మి.మీ. ఆట ఉంచి, క్లచ్ కేబులుకు లివరు దగ్గర కాస్త వదులు ఇచ్చి, నాలుగు గేర్లూ స్టాండు మీదే ఒకసారి వేసి చూడండి.

మొదటి యాభై కిలోమీటర్లు దగ్గరలోనే తిరిగి వచ్చి, ఇంజన్ చల్లారాక ప్రతి ప్లేటు బోల్టునూ మళ్లీ పానాతో చూడండి, రెండు వందల కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి. ఒకే బోల్టు రెండుసార్లూ వదులైతే దానికి లాక్‌టైట్ (మరలు వదులవకుండా పూసే జిగురు) పూయడం పరిష్కారం కాదు. అక్కడ వాషరు మందం తప్పింది, మళ్లీ ఫీలర్ గేజితో కొలవండి. ఫుట్‌రెస్టు పాదాలకు తిమ్మిరెక్కేలా వణుకుతుంటే ముందు హెడ్ స్టెడీ చూడండి.

ఈ లోగా పద్నాలుగు రోజుల గడువు నడుస్తూనే ఉంటుంది. అనుమతి పత్రం, ఇంజన్ బిల్లు, పాత బండి ఆర్‌సీ నకలు, ఇన్సూరెన్సు కాగితం, మొదట్లో తీసి దాచిన రెండు పెన్సిల్ ముద్రలు తీసుకుని బండితో ఆర్టీవో కార్యాలయానికి వెళ్లండి. వెళ్లే ముందు క్రాంక్‌కేసు మీది నంబరును మరోసారి కిరోసిన్ గుడ్డతో తుడిచి, దాని మీద వార్నిష్‌గానీ రంగుగానీ లేకుండా చూసుకోండి. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి వంగి చదివేది ఆ ఒక్క వరసనే. ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కిన రోజే ఇన్సూరెన్సు సంస్థకు రాసి పాలసీలోనూ ఆ నంబరు మార్పించుకోండి.